పసుపు బండ

ఎవరో అమ్మాయి బండను కొడుతోంది.

జగదీశ్ బైకు ఆపి, హెల్మెట్ తీసి మళ్లీ చూశాడు. నిజమే. కొత్వాల్‌గూడ నుంచి హిమాయత్‌సాగర్ దిక్కు పోయే మట్టి బాట పక్కన వాళ్ల చెల్క, వానకు పండే మెట్ట చేను. ఆ చెల్క నడుమ ఏనుగుల మంద పడుకున్నట్టు బండలు. ఆ బండల మీద నెత్తికి చున్నీ చుట్టుకున్న ఒక పిల్ల మోకాళ్ల మీద వంగి, చేతిలోని ఇనుప గొట్టాన్ని రాతికి అదిమి పెడుతోంది. అదిమినప్పుడల్లా ఠక్‌మని చప్పుడు. చప్పుడు కాగానే నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది.

అది 2012 ఫిబ్రవరి. ఎయిర్‌పోర్టు వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో శంషాబాద్ చుట్టుపక్కల రాతిని ముట్టుకోవడానికి వచ్చినవాళ్లెవరూ రాతి మీద ప్రేమతో రాలేదు. మొదట కొలిచేవాళ్లు వస్తారు. తర్వాత తొలిచేవాళ్లు వస్తారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఊరంతా దద్దరిల్లి, గుట్ట ఉన్నచోట కంకర కుప్ప మిగులుతుంది. కంకర కూడా పోయాక రంగు జెండాలు, ప్లాట్ల హద్దులకు సిమెంటు కడీలు, ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే’ అని బోర్డు. ఆ పది నిమిషాల్లో ఇంతవరకు ఎవడూ చేరుకున్నది లేదు.

జగదీశ్ విసవిసా చెల్కలోకి నడిచాడు. ఎయిర్‌పోర్టులో తెల్లవారుజాము షిఫ్టు చేసి వస్తున్నాడు. కళ్లు మండుతున్నాయి.

“ఓ మేడం. ఆ బండ మీకేం అన్యాయం జేసింది?”

ఆ అమ్మాయి తలెత్తలేదు. “ఒక్క నిమిషం అన్నా. లెక్క తప్పుత.”

“లెక్క మీదైతే బండ మాది.”

ఠక్. “నలభై రెండు,” అని రాసుకుని అప్పుడు చూసింది. చూసిన చూపు కూడా ఆ గొట్టం లాంటిదే. అదిమి, వదిలి, ఎంత గట్టివాడో నంబరు తీసుకున్నట్టు ఉంది.

“కొడుతలేనన్నా. తబియత్ చూస్తున్న. డాక్టరు వీపు మీద తట్టి చూస్తడు జూడు, గట్ల. లోపల గట్టిగుంటే స్ప్రింగు ఎగిరి పెద్ద నంబర్ చూపెడతది. వదులైతే చిన్న నంబర్.”

“బండ వదులైతదా?”

“కాదా మరి. ఎండకు ఉబ్బుతది, సల్లబడంగనే ముడుచుకుంటది. పగుళ్లల్ల వాన నీళ్లు దిగుతయి. ఎన్ని ఏండ్లని ఓర్చుకుంటది? నలభై రెండంటే దీనికి జర నడుం నొప్పి షురువైనట్టు.”

జగదీశ్ కోపం ఎటు పోయిందో వెతుక్కున్నాడు. దొరకలేదు.

ఆమె పేరు మాధవీలత. ఉస్మానియాలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. తండ్రి శంకరయ్యకు ఆరాంఘర్ చౌరస్తా దగ్గర గ్రానైట్ పలకల దుకాణం ఉంది. “మా బాపు రాళ్లు అమ్ముతడు, నేను రాళ్లు చదువుత,” అంది. ఎండకూ వానకూ బండలు ఎట్లా పాతబడతాయో కొలిచి ప్రాజెక్టు రాయాలట. అందుకు ఆమె కన్ను పడింది ఈ బండల మీదే.

“మీరేం జేస్తరన్నా?”

“ట్రాక్టర్ నడుపుత.”

“ఈ చెల్కలనా?”

“చెల్కల మా బాపు నడుపుతడు. నేను ఎయిర్‌పోర్టుల, విమానాల కింద. దుబాయి సూట్‌కేసులన్నీ నా వెనుకనే వస్తయి.” ఆగి అన్నాడు, “జర ఆ అన్నా అనుడు బంద్ పెడితే మంచిగుంటది.”

“మరేమనాలె?”

“జగదీశ్ అంటే పలుకుత.”

మాధవీలత నవ్వు ఆపుకుని అతన్ని ఒక పెద్ద గుండు కిందికి తీసుకుపోయింది. గొడుగులా ముందుకు వంగిన గుండు అది. దాని నీడలో నేలబండ మీద గిన్నెంత గుంట. గుంట గోడలకు పసుపు రంగు మరకలు.

“నాకు అసలు గావాల్సింది గిది. ఎన్నో వేల ఏండ్లు నీళ్లు నిలబడి నిలబడి రాయిని తినేస్తే గిసొంటి గుంట పడతది. ఆ పసుపు జూడు, రాతిల ఉన్న ఇనుము తుప్పు పట్టి వచ్చింది. దీని మీద ఒక చాప్టరు రాస్త.”

జగదీశ్ నోరు తెరిచాడు. ఆ గుంట ఏమిటో అతనికి తెలుసు. వాళ్ల ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. అది రోలు. వాళ్ల వంశంలో ఏ పెండ్లి జరిగినా పసుపు కొమ్ములు దంచేది ఆ గుంటలోనే. బండ పేరే పసుపు బండ.

“ఇది మనుషులు జేసింది గాదు గదా?” అని అప్పుడే అడిగింది ఆమె. “మనుషులు జేసిందైతే నాకు పనికి రాదు. ఇగ రేపటి సంది మహేశ్వరం దిక్కు పోయి చూసుకుంట.”

మహేశ్వరం దిక్కు. రేపటి సంది. జగదీశ్ తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“ఇక్కడికి మనుషులెవరొస్తరు? నక్కలు తిరిగేవి. దీని పేరే నక్కల బండ.”

మాధవీలత ఆ పేరును నోటుబుక్కులో అందంగా రాసుకుని కింద గీత కూడా గీసింది.

అబద్ధం చెప్పడం సులువు. దానికి కాపలా ఉండడమే కష్టం. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆమె రావడం, పలకరిద్దామని వచ్చే ఊరివాళ్లను బాట దగ్గరే ఆపి వెనక్కు పంపడం జగదీశ్ పనైపోయింది. అన్నిటికంటే పెద్ద గండం నానమ్మ రుక్కమ్మ. ఆవిడ కంటి ఆపరేషన్ చేయించుకుని మహేశ్వరంలో కూతురింట్లో ఉంది. ఆవిడ తిరిగి వచ్చేలోపల ఈ పిల్ల కొలతలు అయిపోతాయి, ఎవరికీ ఏమీ తెలియదు అనుకున్నాడు. తనకు మాత్రం ఆ కొలతలు ఎన్నటికీ అయిపోకూడదని ఉండేది. ఈ రెండు ఎట్లా కుదురుతాయో ఆలోచించలేదు. ప్రేమలో పడ్డవాడికి అంత తీరిక ఎక్కడిది.

ఒక ఆదివారం గుండు మీద గుండు నిలబడి ఉన్నచోట ఆగి జగదీశ్ అన్నాడు, “ఇవి భీముడు ఆడుకుంట పేర్చిండంటరు మా దిక్కు.”

“ఎవరూ పేర్చలే. ఇవన్నీ ఒకప్పుడు భూమిలోపల ఒక్కటే బండ. దానికి అడ్డం పొడుగు పగుళ్లు. పగుళ్లల్ల నీళ్లు దిగి, మూలలన్నీ మెత్తవడి, నడుమ గట్టిది మిగిలింది. ఆ మెత్తటిదంతా వానలకు కొట్టుకపోయింది, గుండ్లు బయటవడ్డయి. మీరు మొరం మట్టి అంటరు జూడు, అది ఎప్పటిదో బండనే.”

“అంటే మా చెల్క?”

“అది గూడ బండనే.”

“మేం దీంట్ల పండించుకుని తిన్న జొన్న రొట్టె?”

“అందుకే గింత మొండిగ ఉన్నరు.”

జగదీశ్ మర్నాడంతా ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులు తప్పుడు విమానం దగ్గరికి తీసుకుపోబోయి రెండుసార్లు తిట్లు తిన్నాడు. సంతోషంగా తిన్నాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం రాళ్ల వాన పడింది.

పొద్దున్నుంచి బండల మీద కాలు పెట్టలేనంత ఎండ. ఉన్నట్టుండి సాగర్ మీదుగా నల్లటి మబ్బు లేచి, గాలి లేచి, రేగుపండ్లంత వడగళ్లు దబదబా రాలాయి. ఇద్దరూ ఆ గొడుగు గుండు కిందికి దూరారు. చోటు చిన్నది. భుజాలు తగలకుండా కూర్చోవాలని ఇద్దరూ చాలా ప్రయత్నించారు. గాలి మాత్రం ఆ ప్రయత్నానికి ఏ సహాయమూ చేయలేదు.

“ష్,” అంది మాధవీలత. “ఇనపడ్తుందా?”

వాన చప్పుడు నడుమ సన్నగా చిటచిటమంటోంది. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు.

“బండ అరుస్తుంది. మీదనేమో మంచు, లోపలనేమో నిప్పు. పైపొర ముడుచుకుంటది, లోపలిది ముడుచుకోదు. గిట్లనే ఉల్లిగడ్డ పొర లెక్క ఒకనాడు ఊడి వస్తది.”

ఆమె నుదుటి మీద ఒక వడగల్లు కరిగి ముక్కు దాకా జారింది. జగదీశ్ బండను వినడం మానేశాడు.

“వణుకుతున్నవేంది?” అంది.

“భయమైతుంది.”

“వానకా?”

“ఆ.”

మాధవీలత చేయి చాచి గుంటలోకి వేలు పెట్టి తిప్పింది. “ఎంత నున్నగుందో జూడు. ఎన్ని వేల ఏండ్ల నీళ్ల పని. ఈ ప్రాజెక్టు మంచిగైతేనే మా బాపు ఇంక చదువుకోనిస్తడు. లేకుంటే ఈ ఏడు పాయె, చదువు చాలు, దుకాణంల కూసో అంటడు. దాంట్ల ఈ చాప్టరే నాకు పానం. అసలు కష్టమేందో తెల్సా? రాయి ఎప్పుడు పుట్టిందో చెప్పొచ్చు. ఎప్పటి సంది ఎండల నిలవడ్డదో తెలుసుకునుడే కష్టం. నన్ను ఫలానా ఏడు చెక్కిన్రని చెప్పే రాయి ఒక్కటి దొరికితే సాలు. దొరకది.”

ఇప్పుడు చెప్పాలి, అనుకున్నాడు జగదీశ్. వాన ఆగగానే చెప్పాలి అనుకున్నాడు. వాన ఆగింది. ఆమె లేచి చున్నీ పిండుకుని, “నీ పుణ్యమాని నక్కల బండ దొరికింది,” అంది. ఇగ వచ్చే ఆదివారం చెప్పాలి అనుకున్నాడు.

వచ్చే ఆదివారం రాలేదు. శుక్రవారమే వచ్చింది.

మాధవీలత గైడు రామచంద్రయ్య సారు బండలు చూడడానికి శుక్రవారం పొద్దున జీపులో వచ్చాడు. నెత్తి మీద టోపీ, మెడలో తాడుకు వేలాడే భూతద్దం, మాట తక్కువ మనిషి. జగదీశ్ సెలవు పెట్టి మరీ వచ్చి నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడ్డాడు.

సారు గుంట ముందు గొంతుక్కూర్చున్నాడు. భూతద్దంతో చాలాసేపు చూశాడు.

“పైన గుండు అడ్డమున్నది. వాన పడని తావుల నీళ్ల గుంట ఎట్ల పుట్టిందమ్మా?”

“పైన పగులుంది సార్. చుక్క చుక్క కారుతది.”

“నీళ్లు తిన్న గుంట గరుకుగుంటది. గింజలు లేచి ఉంటయి. ఇది గింత నున్నగ ఎందుకుంది?”

మాధవీలత జవాబు వెతుక్కునేలోపు బాట మీదనుంచి డప్పు వినిపించింది.

జగదీశ్ సీసాలు కింద పెట్టి బాట దిక్కు చూశాడు. చిన్నాయన కూతురు సంతోషి పెండ్లి ఉందని అతనికి తెలుసు. పసుపు దంచేది ఆదివారమని కూడా తెలుసు. ఆదివారం మంచిది కాదని అయ్యగారు శుక్రవారానికి మార్చినట్టు తెలియదు. పసుపు దంచే రోజు ఏదో ఇంట్లో మగపిల్లలకు చెప్పాలని ఎవరికి గుర్తుంటుంది?

పది మంది ఆడవాళ్లు. భుజాల మీద పసుపు రాసిన రోకళ్లు, చాటల్లో పసుపు కొమ్ములు, నోట్లో పాట. అందరికంటే ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రుక్కమ్మ. మహేశ్వరం నుంచి నేరుగా పెండ్లి పనికే దిగింది.

“జర జరుగుండ్రి బిడ్డా,” అంది సారును చూసి. “పసుపు దంచాలె.”

సారు లేచి నిలబడ్డాడు. “ఇక్కడ్నా?”

“ఇంకెక్కడ? నా పెండ్లికి ఇక్కడ్నే దంచిన్రు. మా అత్త పెండ్లికీ ఇక్కడ్నే. మొదలు ఉలితోటి ఇంత లోతు చేసిన్రంట, మిగిలిందంత మా చేతులే. అప్పట్ల జొన్నలు, సజ్జలు గూడ గీన్నే దంచేది. నీడ పట్టున ఉంటది గదా.”

మాధవీలత గుంట గోడ మీది మరకకు వేలు ఆనించింది. “మరి ఆ పసుపు రంగు... ఇనుము తుప్పు...”

రుక్కమ్మకు ఆ మాట అర్థం కాలేదు గానీ రంగు అన్నది అర్థమైంది. బొడ్లోంచి తమలపాకుల సంచి తీసి, సున్నపు డబ్బాలో వేలు ముంచి, తడి చేసి గుంట గోడకు రాసింది. పసుపు మరక చూస్తుండగానే ఎర్రగా మారింది. పారాణి ఎరుపు.

“తుప్పు గిట్ల ఎర్రగైతదా బిడ్డా?”

సారు చాలా నెమ్మదిగా అడిగాడు. “ఈ బండ పేరేందమ్మా?”

“పసుపు బండ.”

“మాధవీలతా. నువ్వు మ్యాపుల నక్కల బండ అని రాసినవు.”

ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మాధవీలత వెనక్కు తిరిగి జగదీశ్‌ను చూసింది. అతను తల దించుకున్నాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

“ఆ చాప్టరు తీసెయ్యి,” అన్నాడు సారు టోపీ సర్దుకుంటూ. “మూడు వారాలున్నది. దాని తావుల వేరేది పెట్టగలిగితే పెట్టు. లేకుంటే వచ్చే ఏడు చూద్దాం.”

జీపు ఎక్కేముందు మాధవీలత ఒక్కటే మాట అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“మంచిగ నవ్వుకున్నవా అన్నా?”

అన్నా. ఫిబ్రవరి తర్వాత మళ్లీ ఇప్పుడు.

వారం రోజులు మాధవీలత ఫోను ఎత్తలేదు. జగదీశ్ ముద్ద మింగడం లేదని రుక్కమ్మ కనిపెట్టింది. కొత్త కన్ను మరి, అన్నీ కనిపిస్తున్నాయి. దగ్గర కూర్చోబెట్టుకుని అంతా చెప్పించింది. చెప్పించి, వీపు మీద ఒక్కటిచ్చింది.

“పిల్ల రావాలని బండ పేరు మార్చినవారా? నక్కల బండ. థూ. నువ్వే నక్కవు. ఇప్పుడు ఆ పిల్లకు ఏం గావాలె?”

“ఎప్పుడు చెక్కిన్రో తెలిసిన రాయి గావాలె నానమ్మా. అది దొరకదంట.”

రుక్కమ్మ నోట్లో ఆకు నములుతూ అంది, “మీ తాత వాళ్ల నాయిన మోట బావి తవ్వించినప్పుడు ఒడ్డుకు రాళ్లు చెక్కిచ్చిండు. దాని మీద ఏదో రాయించిండు గదరా.”

జగదీశ్ గబుక్కున లేచాడు.

మోట బావి చెల్క చివర ఉంది. కరెంటు మోటార్లు వచ్చాక దాన్ని పట్టించుకున్నవాడు లేడు. చుట్టూ సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. షిఫ్టు నుంచి రాగానే గొడ్డలి పట్టుకుని నాలుగు రోజులు నరికాడు. ముళ్లు గీరుకుని చేతులు మ్యాపుల్లా అయ్యాయి. నాలుగో రోజు ఒడ్డు రాయి బయటపడింది. మట్టి తుడిస్తే అంకెలు: 1348.

చిన్నప్పుడు దాన్ని చూసి బావికి ఆరువందల ఏండ్లని బడిలో గొప్పలు పోయాడు. ఇప్పుడు అట్లా కాదు. భూముల రేట్లు పెరిగాక శంషాబాద్ దిక్కు చదువు రానివాడు కూడా భూమి లెక్కలు రాసిన పాత పహాణీలు చదవడం నేర్చుకున్నాడు. అది నిజాం కాలం ఫసలీ లెక్క. దానికి ఐదువందల తొంభై కలిపితే మన లెక్క వస్తుంది. పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిది. అంటే ఆ రాయి ఎండలో నిలబడి డెబ్బై నాలుగేళ్లు.

ఇంకొకటి కూడా దొరికింది. ఆ శుక్రవారం కోపంలో మాధవీలత తన ఠక్‌ఠక్ గొట్టాన్ని బండ దగ్గరే వదిలేసి పోయింది. దాన్ని సంచిలో చుట్టుకుని జగదీశ్ ఆరాంఘర్ పోయాడు.

దుకాణంలో మాధవీలత కనిపించలేదు. పలకల నడుమ కుర్చీలో ఒక బట్టతల మనిషి. జగదీశ్ దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే మరిచిపోయాడు.

“ఏం గావాలె?” అన్నాడు శంకరయ్య.

“పలక. వంటింట్లకు.”

“ఎంత పొడుగు?”

జగదీశ్ రెండు చేతులు చాపి చూపించాడు. తర్వాత ఇంకొంచెం చాపాడు.

“రంగు?”

“నల్లది. లేకుంటే... తెల్లది.”

శంకరయ్య అతని చేతుల మీది గీతలు చూశాడు, సంచి చూశాడు, ముఖం చూశాడు.

“నక్కల బండ పిల్లగానివా?”

జగదీశ్‌కు పలక కింద దూరాలనిపించింది.

“వారం సంది మా ఇంట్ల టీవీల నక్క కనపడ్డా బందు చేస్తుంది మా బిడ్డ,” అన్నాడు శంకరయ్య. “ఇరవై ఐదేండ్ల సంది రాయి వ్యాపారంల ఉన్న. పైన పాలిష్ జూసి కొన్నోడు పరేషాన్ అయితడు. అసలు రాయి ఏందో ఎనుక దిక్కు తిప్పి చూస్తే తెలుస్తది. నీ ఎనుక దిక్కు ఏమున్నది చెప్పు.”

జగదీశ్ చెప్పాడు. బావి, తుమ్మ, ఫసలీ, అన్నీ. చెబుతుండగానే లోపలి గదిలోంచి చప్పుడు వినిపించింది. మాధవీలత తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

“చెక్కిన ఏడు రాసుందా?” అంది. గొంతులో కోపం ఉంది గానీ కళ్లు అప్పుడే బావి దగ్గరికి పోయాయి.

“ఉంది.”

“రాయి ఒక దిక్కు ఎండకు, ఇంకో దిక్కు నీడకు ఉందా?”

“ఉంది. ఎండ దిక్కు రుద్దితే గింజలు రాలుతున్నయి, రవ్వ లెక్క. బావి లోపలి దిక్కు ఉలి గీతలు నిన్న చెక్కినట్టున్నయి.”

మాధవీలత అతని చేతిలోంచి సంచి లాక్కుంది. “రాయి కోసం వస్తున్న. నీ కోసం గాదు అన్నా.”

“సరే,” అన్నాడు జగదీశ్. రాయి కోసమైనా రావడమే కదా కావాల్సింది.

మళ్లీ ఠక్‌ఠక్ మొదలైంది. ఎండ దిక్కు, నీడ దిక్కు, తడి తగిలే అంచు. ఒకే ఏట ఒకే ఉలితో చెక్కిన రాళ్లు, నాలుగు వైపులా నాలుగు రకాలుగా పాతబడ్డాయి. జగదీశ్ నంబర్లు రాశాడు. నాలుగు రోజులు పని మాట తప్ప వేరే మాట లేదు. అయిదో రోజు ఆమె ఒడ్డు మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ ఉంటే జగదీశ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఇంకా మూడున్నయి.”

“ఏంది మూడు?”

“అబద్ధాలు. చెప్పేస్త. మార్చిల నీ స్కూటీ టైరు పంక్చర్ గాలే. నేనే గాలి తీసిన, జరసేపు ఆగుతవని.”

మాధవీలత కళ్లు చిన్నవి చేసింది.

“ఆదివారం నా సెలవని చెప్పిన గదా. గాదు. దోస్తుతోటి మార్చుకున్న. దానికి నా పండుగ సెలవులన్నీ వానికిచ్చిన.”

“మూడోది?”

“రాళ్ల వాన నాడు వానకు భయమైతుందన్న. వానకు గాదు.”

“మరి దేనికి?”

“ఆగిపోతదేమోనని.”

సాగర్ దిక్కు నుంచి గాలి వచ్చింది. పైన ఒక విమానం చక్రాలు చాపుకుంటూ దిగుతోంది. అది దిగేదాకా మాధవీలత దాన్నే చూసింది. చప్పుడు పోయాక ఆ గొట్టాన్ని ఎత్తి అతని ఛాతీకి ఆనించింది.

“ఏం జేస్తున్నవ్?”

“తబియత్ చూస్తున్న. కదలకు జగదీశ్.”

అన్నా లేదు. జగదీశ్ కదల్లేదు. ఊపిరి కూడా మళ్లీ తీసుకుందాంలే అనుకున్నాడు.

ఆమె గొట్టం మీద అంకెలు చూస్తున్నట్టు నటించి పెదవి విరిచింది. “బాగ వదులైంది. ఇట్లనే వదిలేస్తే మొరం అయిపోతది. ఎవరో ఒకరు చూసుకోవాలె.”

ప్రాజెక్టులో కొత్త చాప్టరు పెట్టారు. మోట బావి రాళ్ల మీద ఎండావానల పని ఒక దిక్కు, పసుపు బండ రోలు మీద మనుషుల చేతుల పని ఒక దిక్కు. రుక్కమ్మ చెప్పిన పెండ్లిళ్ల వరుస అంతా పేర్లతో సహా ఎక్కించింది మాధవీలత. రామచంద్రయ్య సారు చదివి, “మ్యాపుల పేరు సరిజేసినవా?” అని ఒక్కటే అడిగి సంతకం పెట్టాడు. ఆయన నవ్వగా చూసింది ఆ రోజే అన్నారు డిపార్ట్‌మెంట్‌లో. మాధవీలత పాసైంది. శంకరయ్య చదువు మాటలో మాట తప్పలేదు, పైచదువుకు సీటు రాగానే ఫీజు కట్టాడు. పెండ్లి మాట మాత్రం పిల్ల అడగకముందే ఆయనే తెచ్చాడు. కొత్వాల్‌గూడ వచ్చి, జగదీశ్ తండ్రి కుర్మయ్యతో చాయ్ తాగి, పోతూ పోతూ వంటింట్లోకి తొంగి చూశాడు.

“పలక ఎంత పొడుగు గావాలెనో ఇప్పుడు తెల్సింది,” అన్నాడు అల్లుడితో.

మరుసటి మాఘమాసం. పసుపు బండ దగ్గర డప్పు. రోకళ్లు ఎత్తబోతుంటే, చూడాలని పట్టుబట్టి వచ్చిన పెండ్లికూతురు “ఒక్క నిమిషం,” అంది. ముత్తయిదువులంతా ఆగిపోయారు. మాధవీలత చీర కుచ్చిళ్లు పట్టుకుని రోలు పక్కన కూర్చుని, బ్యాగులోంచి స్టీలు స్కేలు తీసి లోపలికి దించింది.

“పధ్నాలుగు సెంటీమీటర్లు, రెండు మిల్లీమీటర్లు. రాసుకో,” అంది జగదీశ్‌తో. మగవాళ్లు రాకూడని చోటికి నోటుబుక్కు పట్టుకుని రావడానికి అతనికి ప్రత్యేకంగా పర్మిషన్ దొరికింది.

దంచారు. పాటలు పాడారు. గాలంతా పసుపైంది. చివరి చాట ఎత్తాక మాధవీలత రోలు తుడిచి మళ్లీ స్కేలు పెట్టింది. కన్ను మూసి, తెరిచి, వంగి చూసింది.

“ఎంత?” అన్నాడు జగదీశ్.

“పధ్నాలుగు, రెండు. ఏం అరగలే.”

రుక్కమ్మ ఆకు నములుతూ సున్నపు డబ్బా మూత తీసింది. “ఒక్క పెండ్లికి అరుగుతదా బిడ్డా? మీ పిల్లల పెండ్లికి చూసుకో. వాళ్ల పిల్లల పెండ్లికి చూసుకో. ముందు కాళ్లు చాపు.”

మాధవీలత స్కేలు జగదీశ్ చేతికిచ్చి, పసుపు అంటిన కాళ్లు బండ మీద చాపింది. ముసలావిడ వేలు తగిలినచోటల్లా పసుపు ఎర్రగా మారుతూ పోయింది.